నేల మారలేదు

సౌట్‌రివీర్, కుయిసెబ్ నది ఒడ్డు
ఫిబ్రవరి 2017

చిన్నన్నయ్యకి,

ముందు ఆఫీసు మాట, తరువాత ఇంటి మాట. నేల మారలేదు.

ప్రతి నెలా మొదటి వాక్యం అదే ఉండాలని నువ్వు చెప్పి వెళ్ళావు కాబట్టి రాశాను. యంత్రం లెక్కలు ఎక్కిన ఈ నెల మెమరీ కార్డు కవరులో పెట్టాను. స్తంభం ఎక్కి, నేల వెలుగును కొలిచే యంత్రం అద్దం బ్రష్షుతో దులిపాను. పొగమంచు ఎక్కువగా ఉంది, అద్దం మీద ఉప్పు పేరుకుంటోంది. గుర్తు రాళ్ళు దాటి లోపలికి నా మేకలు గానీ, పొరుగు మేకలు గానీ, మనుషులు గానీ అడుగు పెట్టలేదు. స్తంభం దగ్గరకి నేను నువ్వు చూపించిన ఒక్క దారిలోనే వెళ్ళి వస్తున్నాను.

ఇక ఇంటి మాట. పెద్దన్నయ్యకి దగ్గు తగ్గలేదు. వాల్విస్ బే ఆసుపత్రిలో నెల రోజులు ఉంచి, ఊపిరితిత్తుల్లో ఏమీ మిగల్లేదని పంపించేశారు. మంచం గుమ్మంలో వేయించుకున్నాడు. అక్కడి నుంచి మెట్ట మీద నీ స్తంభం కనిపిస్తుంది. వచ్చేపోయేవాళ్ళతో నీ మీద వేళాకోళాలాడుతున్నాడు. "పైన తిరిగే కళ్ళకి చత్వారం వస్తే మా ఊరికొచ్చి చూపించుకుంటాయిరా. డాక్టరేమో ప్రిటోరియాలో ఉంటాడు. రోగులు ఆకాశంలో, డాక్టరు ఊళ్ళో లేడు, ఆసుపత్రి తలుపు మాత్రం మా ఫ్రీడా తుడుస్తుంది" అంటాడు. నవ్వితే దగ్గొస్తుంది, దగ్గితే రక్తం పడుతుంది. అయినా నవ్వడం మానడు.

అన్నయ్యా, ఒక్క ముక్క రాయవా? ఉత్తరం అక్కర్లేదు. నాకు రాసే దాంట్లోనే చివర "అన్నయ్య ఎలా ఉన్నాడు" అని రాస్తే చాలు. చదివి వినిపిస్తాను. ఎక్కువ రోజులు లేవు.

ఫ్రీడా

*

ప్రిటోరియా
మార్చి 2017

చెల్లీ,

కార్డు క్షేమంగా చేరింది. ఖాళీ కార్డు పంపుతున్నాను. అద్దం మీద ఉప్పును ఉత్త బ్రష్షుతో గీకవద్దు, గీతలు పడతాయి. శుద్ధమైన నీళ్ళు పరిశోధనా స్టేషన్ వాళ్ళ దగ్గర అడిగి తీసుకో.

ఈ ఏడు జాగ్రత్తగా ఉండాలి. సెప్టెంబరులో ఆఫీసు పెద్దవాళ్ళంతా కూర్చుని మన మెట్టను ఉంచుకోవాలో, వదిలేయాలో తేలుస్తారు. ఒక ఉపగ్రహం కొంతకాలంగా ఎర్రటి వెలుగును తక్కువ చేసి చూపిస్తోంది. దాని కన్ను మసకబారిందా, లేక కిందున్న లోకమే మారిందా అన్నది తేలాలంటే ఎప్పటికీ మారని చోటు ఒకటి ఉండాలి. అలాంటి చోట్లు భూమ్మీద వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి, వాటిలో మనది ఒకటి. మన మెట్టను తీసేస్తే స్తంభం పోతుంది, నీ పనీ పోతుంది. పదిహేనేళ్ళ నా చాకిరీ కూడా పోతుంది.

నువ్వడిగిన మాట. ఆ మనిషి సంగతి నాకు రాయకు. నది పొంగి దారి మునిగిన ఏడు, నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్తూ ఆయన స్టేషన్ లారీని మెట్ట మీదుగా తోలిన జాడలు నేటికీ ఉన్నాయి. ప్రతి రోజూ లెక్క కట్టేటప్పుడు ఆ చారను తీసేసి కట్టాలి. నువ్వు నొప్పులు పడుతున్నావని నాకు తెలుసు, లేనా బతికినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను కూడా. కానీ గుర్తు రాళ్ళ చుట్టూ తిరిగి వెళ్ళొచ్చు కదా? అడిగితే "పిల్ల ఆగదురా, నీ నేల ఆగుతుంది" అని పదిమంది ముందు నా మొహం మీద నవ్వాడు. ఉన్నది ఉన్నట్టు పైవాళ్ళకి రాయడం నా ఉద్యోగం. రాశాను. ఆయన డ్రైవరు ఉద్యోగం పోయింది. అంతకు మించి నేను చేసిన పాపం లేదు.

సైలస్

*

సౌట్‌రివీర్
ఏప్రిల్ 2017

చిన్నన్నయ్యకి,

కార్డు పంపుతున్నాను. అద్దం నీళ్ళతో తుడిచాను.

రాయొద్దన్న సంగతి రాయడం లేదు. అది పక్కన పెడితే రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఇసుక దిబ్బల్లో ముళ్ళ పొదలకి నారా కాయలు బాగా కాశాయి. కోసి, ఉడకబెట్టి, గింజలు ఆరబోశాం. ఇంటి ముందు ఇసుకంతా గింజలే. ఈసారి ముళ్ళు గుచ్చుకున్న చెయ్యి ఇంకా వాచి ఉంది, అందుకే అక్షరాలు వంకరగా ఉన్నాయి. లేనాకి పై పళ్ళు రెండూ ఊడాయి. మా ఆయన యోనాస్‌కి ఒంట్లో బాగానే ఉంది, ఈమధ్య ఎక్కువ మాట్లాడడం లేదు.

ఫ్రీడా

*

ప్రిటోరియా
మే 2017

చెల్లీ,

ఒక చిక్కు వచ్చింది. మార్చి నడిమి నుంచి స్తంభానికి ఈశాన్యం దిక్కున వెలుగు పెరిగింది. ఒక్క రోజులో పెరిగి, అలాగే నిలిచిపోయింది. మిగతా దిక్కులన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. యంత్రం ఆ వైపు తిరిగినప్పుడు అద్దం మీద ఏదైనా అడ్డొస్తోందేమో చూడు. బోల్టు వదులైందేమో, పిట్ట గూడు కట్టిందేమో చూడు. అద్దం అంచున ఉప్పు గడ్డకట్టినా అలాగే అవుతుంది.

తేలేవరకు ఆ దిక్కుకి ఒక దిద్దుబాటు అంకె పెట్టాను. ఆ వైపు వచ్చిన దాంట్లోంచి కొంత తగ్గించి, పాత లెక్కకి సరిపెడుతున్నాను. పక్కన "నమ్మదగనిది" అని రాసి పెట్టాను. ఇది తాత్కాలికం.

ఇంకో సంగతి. పోయిన ఉత్తరంలో "నేల మారలేదు" అని రాయడం మరిచిపోయావు. నీకు అది ఒక వాక్యమే. నాకు ఫైలులో పెట్టుకోవలసిన సాక్ష్యం. వచ్చే నెల తప్పకుండా రాయి.

చెయ్యి వాపు తగ్గిందా? లేనాకి ముద్దులు.

సైలస్

*

సౌట్‌రివీర్
జూన్ 2017

చిన్నన్నయ్యకి,

స్తంభం ఎక్కి చూశాను. బోల్టులు బిగుతుగా ఉన్నాయి. పిట్టలు లేవు. ఉప్పు లేదు. అద్దాన్ని మొదట నీళ్ళతో, తరువాత నా తలగుడ్డ కొసతో తుడిచాను. నీ కన్నుకి ఏ జబ్బూ లేదు.

తూర్పు గాలి మొదలైంది. నిన్న రోజంతా తలుపులు తియ్యలేదు. పాప్ సంకటిలో ఇసుక, పాలలో ఇసుక, పిల్ల చెవుల్లో ఇసుక. గాలి ఆగాక బయటికొస్తే మెట్ట ఎంత శుభ్రంగా ఉందో, ఎవరో ఊడ్చినట్టు.

నువ్వు అద్దం అడిగావు, బోల్టులు అడిగావు, పిట్టల్ని అడిగావు, నా చెయ్యి కూడా అడిగావు. సంతోషం. నువ్వు అడగాల్సినవి అంతటితో అయిపోయాయా అన్నయ్యా? మళ్ళీ ఒకసారి తీరిగ్గా ఆలోచించి చూడు.

ఆ వాక్యం మరిచిపోయి మానలేదు.

ఫ్రీడా

*

ప్రిటోరియా
జూలై 2017

చెల్లీ,

నీ ఉత్తరం చదివి మతి పోయింది. "మరిచిపోయి మానలేదు" అంటే ఏమిటి అర్థం? నేల మారిందని తెలిసి కూడా మూడు నెలలు నా దగ్గర దాచావా?

స్టేషన్‌కి ఫోను చేశాను. వాళ్ళలో ఒకరు గుర్తు రాళ్ళ అవతల నిలబడి దుర్భిణీలోంచి చూశారు. ఈశాన్యంలో రాళ్ళ కుప్ప ఉందట, చుట్టూ మట్టి తెల్లగా ఉందట. నాకు అర్థమైపోయింది. ఈస్టరు సెలవులకి ముందుగా తిరగడానికి వచ్చినవాళ్ళెవరో అక్కడ గుడారం వేసుంటారు. గొయ్యి తీసి చెత్త పాతిపెట్టి, మన పాతవాళ్ళు దారి పక్కన పేర్చిన రాళ్ళ కుప్పలను చూసి, పైన సరదాకి ఒకటి పేర్చి పోయుంటారు. నువ్వు కాపలా ఉండగా జరిగింది కాబట్టి భయపడి నోరు మూసుకున్నావు. అంతేనా?

తిట్టడానికి ఇప్పుడు టైము లేదు. స్టేషన్ వాళ్ళు మనుషుల్ని పంపి తవ్వించి శుభ్రం చేయిస్తామన్నారు. నేనే వద్దన్నాను. తవ్వితే లోపలి సున్నపు మట్టి ఇంకా పైకొస్తుంది. మా చెల్లెలు చేస్తుందని చెప్పాను. నేను చెప్పినట్టు చెయ్యి.

ఆ కుప్ప రాళ్ళన్నీ గంపలో మోసి గుర్తు రాళ్ళ బయట పారెయ్యి. పారతో ముట్టుకోకు. తెల్లమట్టిని చేత్తోనే సర్ది చదును చెయ్యి. తరువాత చుట్టుపక్కల చిన్న రాళ్ళు ఏరి దాని మీద పరుచు. ప్రతి రాయికీ ఎండ చూసిన నల్లముఖం ఒకటి, మన్ను చూసిన తెల్లముఖం ఒకటి ఉంటాయని నీకు తెలుసు. నల్లముఖం పైకి రావాలి. ఒక్కటి కూడా తిరగబడకూడదు. ఆగస్టు లోపల అయిపోవాలి. ఇది కాకపోతే స్తంభం పీకేస్తారు, మనిద్దరం రోడ్డున పడతాం.

సైలస్

*

సౌట్‌రివీర్
ఆగస్టు 2017

చిన్నన్నయ్యకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. యోనాస్‌ని రమ్మంటే రానన్నాడు. "ఆ పని నాచేత చేయించకు, నువ్వూ చెయ్యకు" అన్నాడు. ఒక్కదాన్నే చేశాను. కుప్ప రాళ్ళు మోసి బయట వేశాను. చేత్తో చదును చేశాను. నల్లముఖాలు పైకి పెట్టాను. ఒక్కటీ తిరగబడలేదు.

నేల మారలేదు.

ఫ్రీడా

*

ప్రిటోరియా
సెప్టెంబరు 2017

నా బంగారు చెల్లీ,

గెలిచాం! నిన్న సాయంత్రం తేలింది. మన మెట్టను ఇంకో అయిదేళ్ళు ఉంచుతున్నారు. ఆ ఉపగ్రహం కన్నే మసకబారిందని మన లెక్కతో రుజువైంది. ఇక్కడ అందరూ నా భుజం తట్టారు. తట్టాల్సింది నీ భుజం.

నీ చేతుల్లో ఏం మహిమ ఉందో గానీ, ఈశాన్యం దాదాపు పాతచోటికి వచ్చేసింది. వెంట్రుకవాసి తేడా మిగిలింది. దానికి ఒక చిన్న దిద్దుబాటు పెట్టి సరిచేశాను, ఎవరూ అడగలేదు. పోయిన ఉత్తరంలో నిన్ను అన్న మాటలు మనసులో పెట్టుకోకు. భయంలో నోరు జారాను.

రాత్రి నిద్ర పట్టక పాత సంగతులు తలుచుకున్నాను. రాళ్ళు అంత బాగా పరవడం మన ఊళ్ళో ఒక్కరికే వచ్చు. లారీ జాడల మీద అన్నయ్య మోకాళ్ళ మీద పాకుతూ, ఒక్కో రాయి నల్లముఖం వెతికి పెట్టుకుంటూ పోయాడు. ఉద్యోగం పోయాక చేశాడు ఆ పని. ఎవరూ చెయ్యమనలేదు. నేను కిటికీలోంచి చూస్తూ ఉన్నాను, బయటికి వెళ్ళలేదు. ఆయనే నీకు నేర్పి ఉంటాడు, అవునా?

దగ్గు తగ్గిందా? అన్నయ్య ఎలా ఉన్నాడు? క్రిస్మసుకి సెలవు పెట్టి వద్దామనుకుంటున్నాను. ఆయన ఒప్పుకుంటే గుమ్మంలో ఆయన మంచం పక్కనే కూర్చుంటాను. ఎన్ని వేళాకోళాలైనా పడతాను. అడిగి రాయి.

నీ సైలస్

*

సౌట్‌రివీర్
అక్టోబరు 2017

చిన్నన్నయ్యకి,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. నువ్వు అడిగిన రోజునే చెప్పాలని మాట తీసుకున్నాడు.

పెద్దన్నయ్య మార్చిలో పోయాడు.

నీ మార్చి ఉత్తరం వచ్చినప్పుడు ఇంకా ఉన్నాడు. చదవమన్నాడు. అద్దం సంగతి చదివాను, సెప్టెంబరు సంగతి చదివాను. నువ్వు రాయొద్దన్న చోటికి వచ్చేసరికి గొంతులోనే మింగేసి, "లేనాకి ముద్దులు" అని నా సొంతంగా కలిపి మడిచేశాను. నా వంక చూసి, "మధ్యలో ఏదో మింగావే, అరిగిందా?" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయనే ఓదార్చాడు.

ఆ మర్నాడు నన్నూ యోనాస్‌నీ పిలిచాడు. "నన్ను శ్మశానంలో పెట్టకండి. మెట్ట మీద పెట్టండి, స్తంభం కన్ను పడేచోట. వాడు నన్ను చూడ్డానికి రాడు. ఆ నేలనైతే రోజూ చూస్తాడు కదా. డాక్టరుగారికి నేను కనిపిస్తానో లేదో చూద్దాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఈ నేల జాతీయ పార్కుది, పార్కు వాళ్ళకి తెలిస్తే తవ్వి తీసేస్తారని చెప్పాను. "ఆ మెట్ట మీద మన తాతల మేకలు మేశాయి. నేను ఒక మూల పడుకుంటే అరిగిపోతుందా?" అన్నాడు. తరువాత నా చెయ్యి పట్టుకుని, "వాడంతట వాడు 'అన్నయ్య ఎలా ఉన్నాడు' అంటే చెప్పు. అడక్కుండా చెప్పావో, దయ్యాన్నై వచ్చి నీ మేకలన్నీ విప్పేస్తా" అన్నాడు. అప్పుడూ నవ్వే. ఆ నవ్వుకి వచ్చిన దగ్గు మళ్ళీ తగ్గలేదు.

ఊరంతా వచ్చింది. పాస్టరు ప్రార్థన చేశాడు. నువ్వు చూపించిన దారిలోనే, ఒకరి అడుగులో ఒకరు అడుగు పెట్టి మోసుకెళ్ళాం, నీ నేల చెడకూడదని. మన ఆచారం ప్రకారం తలా ఒక రాయి వేశారు. ముసలివాళ్ళు కూడా నది దగ్గర నుంచి రాయి మోసుకొచ్చి వేశారు. బయటివాళ్ళ దగ్గర ఇంతవరకు ఒక్కరూ నోరు విప్పలేదు.

నువ్వు చెత్త అన్నది ఆయన్ని. సరదాకి పేర్చారన్నది ఆ రాళ్ళని.

నీ జూలై ఉత్తరం పట్టుకుని మెట్ట మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. చెయ్యనంటే స్టేషన్ వాళ్ళు పారలతో వస్తారు. చెప్పేద్దామంటే మాట ఉంది. నువ్వు ఎన్ని అడిగినా ఆ ఒక్కటి అడగలేదు. అందుకని ఎవరు ఏ రాయి వేశారో గుర్తు చేసుకుంటూ ఒక్కొక్కటే తీశాను. ఆయన గుండెల మీద మట్టిని నా చేత్తో చదును చేశాను. నల్లముఖం పైకి పెట్టాను. ఆయన నేర్పినట్టే పెట్టాను, నువ్వన్నది నిజమే.

నీ మీద కోపం ఉంది. చాలా ఉంది. ఆయనకి మాత్రం లేదు, అది కూడా చెప్పమన్నాడు.

ఫ్రీడా

*

ప్రిటోరియా
నవంబరు 2017

చెల్లీ,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చాలా కాగితాలు చింపేశాను.

ఆఫీసుకి వెళ్ళి మార్చి లెక్కలు బయటికి తీశాను. ఆ రోజు ఉదయం వరకు ఈశాన్యం మామూలుగానే ఉంది. మధ్యాహ్నానికి తెల్లబడింది. మీరందరూ అక్కడ నిలబడి ఉన్నది ఆ మధ్యలోనే. ఆ రోజు మొదలు ప్రతి రోజూ ఆయన నాకు కనిపిస్తూనే ఉన్నాడు ఫ్రీడా. రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ ఆయన పక్కన "నమ్మదగనిది" అని రాశాను. అంకె పెట్టి తగ్గించాను. అదీ చాలక నీ చేత చదును చేయించాను.

ఇవాళ ఆ దిద్దుబాట్లన్నీ తీసేశాను. తీసేశాక చూస్తే, నువ్వు అంత బాగా సర్దినా ఆ దిక్కు ఇంకా ఇసుమంత తెల్లగానే ఉంది. పోలేదు.

పెద్దవాళ్ళకి ఉత్తరం రాశాను. కారణం రాయలేదు, సమాధి మాట ఎత్తలేదు. తవ్వేవాళ్ళెవరూ రారు. మార్చి నుంచి ఇచ్చిన లెక్క నేను సరిపెట్టిందని, దాన్ని నమ్మవద్దని రాశాను. స్తంభం పీకేస్తారు. నీ పని పోతుంది. నాది బహుశా పోయింది. ఇది చెయ్యకుండా ఉండలేకపోయాను, నిన్ను అడక్కుండానే చేశాను.

రావాలని ఉంది. ఏ మొహం పెట్టుకుని రాను?

నీ దగ్గర నుంచి నెలనెలా రాయించుకున్న వాక్యం ఈసారి నేను రాస్తున్నాను. నేల మారింది.

సైలస్

*

సౌట్‌రివీర్
జనవరి 2018

చిన్నన్నయ్యకి,

క్రిస్మసుకి ఎదురుచూశాం. నువ్వు రాలేదు.

పోయిన వారం స్తంభం తీసుకుపోయారు. లారీ మీద పడుకోబెట్టి తాళ్ళు కడుతుంటే యోనాస్ కూడా సాయం పట్టాడు. "ఇంత మంచి చోటు ఎందుకు చెడిందమ్మా?" అని ఒకాయన నన్ను అడిగాడు. నాకేం తెలుసునన్నాను. పని పోయినందుకు నిన్ను ఏమీ అనను. ఆ పని చేస్తూ ఆ మెట్ట మీద నడవడం ఇక నా వల్ల కాదు.

లారీ కనుమరుగయ్యాక ఊరివాళ్ళం అందరం వెళ్ళాం. నేను పారేసిన కుప్పలోంచి ఎవరి రాయి వాళ్ళు వెతుక్కుని మళ్ళీ వేశారు. ఇద్దరు ముసలివాళ్ళు ఈలోగా పోయారు, వాళ్ళ రాళ్ళు బయటే ఉండిపోయాయి. ఒకరి రాయి ఇంకొకరు వెయ్యకూడదు కదా. లేనా తన రాయి వేసి, "చిన్నమామయ్య రాయి ఏదమ్మా?" అంది. లేదన్నాను. "పోనీ నేను వేసెయ్యనా?" అని ఒకటి ఎత్తింది. దాని చేతిలోంచి లాగి కింద పెట్టించాను. ఏడ్చింది. ఏడవనిచ్చాను.

ఏ మొహం పెట్టుకుని రానన్నావు. నీ మొహం ఎవరికి కావాలి అన్నయ్యా? రాయి తెచ్చుకో, చాలు.

వచ్చేటప్పుడు నది దారిన రావద్దు, ఎగువన వానలు పడుతున్నాయట, దారి మునుగుతుంది. మెట్ట మీదుగా రా. పొద్దున్నే ఎండ వాలుగా ఉన్నప్పుడు బయలుదేరితే పెద్దన్నయ్య లారీ జాడలు కనిపిస్తాయి. ఆయన ఎన్ని రాళ్ళు తిప్పి పెట్టినా అవి పోలేదు. వాటి మీదే నడిచి రా. స్తంభం ఉన్నచోటు దాటాక కుడిచేతి వైపు చూడు. కనిపిస్తాడు.

ఫ్రీడా